ఫోన్-ఇన్: కొత్తవాడ అన్న అడిగిన క్లస్టర్ ముచ్చట

యాంకర్: హలో, మీ ముచ్చటకు జవాబు చెప్పనీకి సార్ స్టూడియోల ఉన్నరు, ఎక్కడికెల్లి మాట్లాడుతున్నరు?

కాలర్: వరంగల్ కొత్తవాడకెల్లి మేడం. ఆరు మగ్గాలున్నయ్, జంపఖానాలు నేపిస్త. మా వాడోళ్లందరం కలిస్తే క్లస్టర్ కింద, అంటే ఒక్క కాడున్న నేతగాళ్ల జట్టు కింద, నూలుకు అద్దే రంగుల యూనిట్ వస్తదట, నా వాటా కట్టమంటున్రు, మా బామ్మర్దేమో మెగా టెక్స్‌టైల్ పార్కుకే పోదాం బావా, సబ్సిడీ ఉంటది అంటున్నడు. దేనితోని పని పెరుగుతది సార్?

సార్: ముందుగాల ఇది చెప్పుండ్రి అన్నా, మీ మగ్గం ఎప్పుడు ఖాళీగుంటది?

కాలర్: రంగు నూలు అందకుంటేనే. ఇంట్లనే గంగాళంల నూలు చిలపలు ముంచుతం, వానకాలం ఆరయి. మొన్న ఎరుపు మొదటి లాటు ఒక తీరు, రెండో లాటు ఒక తీరు వచ్చింది, పక్కపక్కన పరిస్తే గీత గీసినట్టు కనవడ్డది, ఇరవై జంపఖానాలు వాపస్ వచ్చినయ్.

సార్: అగో, జవాబు ఆడ్నే ఉన్నది. సబ్సిడీతోని ఖర్చు తగ్గుతది గని మగ్గం మీద ఒక్క పోగు ఎక్కువ నేయదు. సూరత్, భివండీకి మరమగ్గాల పనికి పోయిన మనోళ్లను అడుగుండ్రి, మెకానిక్, సామాను, అద్దకం అన్ని దగ్గర్నే దొరుకుతయ్ గనుక మిషన్ ఆగితే మళ్ల జల్ది నడుస్తది. 1890లనే ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త ఇదే రాసిండు, ఒక్క కాడ ఉంటే పనోళ్లు దొరుకుతరు, సామాను దొరుకుతది, ఒకరి ఉపాయం ఇంకొకరికి తెలుస్తది అని. సర్కారు జాగ ఇయ్యొచ్చు, రోడ్డెయ్యొచ్చు, ఆ కలుపుగోలుతనం మాత్రం మనమే తెచ్చుకోవాలె.

కాలర్: మరి పార్కు సార్?

సార్: గీసుగొండ, సంగెం దిక్కు 2017 అక్టోబర్‌ల శంకుస్థాపన అయింది, 2023ల పీఎం మిత్ర అనే కేంద్ర సర్కారు టెక్స్‌టైల్ పార్కుల పథకం కిందికి వచ్చింది, అది ముఖ్యంగ పెద్ద పెట్టుబడుల కోసం. ఆరు మగ్గాలు అటు తీస్కపోతే మీ నేతగాళ్లు రోజూ అంత దూరం వస్తరా? 2018ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చింది వరంగల్ జంపఖానాకు, ఆ పనితనం ఉన్న మనుషులు మీ వాడలనే ఉన్నరు. నా మాటైతే రంగుల యూనిట్‌కే.

కాలర్: భయమైతున్నది సార్, ఇంతకుముందు ఒక కాడ అందరం కలిసి మిషన్లు తెప్పిస్తే ఏడాదికే తాళం పడ్డది.

సార్: ఆ భయం నిజమైందే అన్నా, నేను కూడ అసొంటివి చూసి మస్తు బాధపడ్డ. మిషన్లకు గ్రాంట్ వస్తది గని రంగు కలిపే మాస్టర్ జీతం, కరెంటు బిల్లు, మురికినీళ్లు శుద్ధి చేసుడు నెలనెలా ఎవలు భరిస్తరు, కిలో నూలుకు ఎంత తీసుకుంటరు, ఎవరి వంతు ఎప్పుడు, ఇది కాయితం మీద రాసినంకనే పైసలు కట్టుండ్రి. ఇగ ఇయ్యాల్టికెల్లి ఒక నోట్‌బుక్ పెట్టి ఏ మగ్గం ఎన్ని గంటలు ఆగింది, ఎందుకు ఆగింది, ఎన్ని జంపఖానాలు దిగినయ్ రాయుండ్రి, యూనిట్ నడిచినంక మళ్ల మూడు నెలలు రాసి రెండు పక్కపక్కన పెట్టుకుంటే లాభమెంతో మీకే కనవడ్తది.

కాలర్: అయితే ఐతారం మీటింగ్‌ల మాస్టర్ జీతం ముచ్చటే ముందు అడుగుత సార్.