టిల్లర్‌కి ఎల్ఈడీ లైటా? కాయిల్ తీగకి నేరుగా కలపకండి

[తెర మీద: పవర్ టిల్లర్ ముందు లైటు, వణుకుతున్న వెలుగు]

ఉభాల రోజుల్లో పర్లాకిమిడి, గుణుపురం పొలాల్లో తెల్లారకముందే టిల్లర్లు దమ్ములోకి దిగుతాయి. పాత బల్బు వెలుగు చాలదని ఎల్ఈడీ కొని, ఆ బల్బు తీగలకే తగిలించేస్తారు. నాలుగు రోజుల్లో మాడిపోతుంది. "ఎల్ఈడీలన్నీ ఇంతే" అనేస్తారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుందండీ, తప్పు లైటుది కాదు.

బ్యాటరీ లేని, తిప్పి స్టార్ట్ చేసే టిల్లర్ల గురించే చెబుతున్నాను. కమ్మరి కొలిమి తిత్తి చూశారు కదా? లాగితే గాలి లోపలికి, నొక్కితే బయటికి. ఫ్లైవీల్ దగ్గరుండి లైటుకి కరెంటు పుట్టించే కాయిల్ ఉంది కదా, దాని కరెంటూ అంతే, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. 12 అయస్కాంత ధ్రువాలుంటే చుట్టుకి ఆరుసార్లు, 1800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 180 సార్లు. బల్బుకి ఎటైనా ఒకటే, ఫిలమెంటు వేడెక్కితే చాలు. ఎల్ఈడీకి మాత్రం గాలి ఒకే వైపు రావాలి. కొలిమిలో ఆ పని తోలు రెక్కది, ఇక్కడ డయోడ్‌ది.

ఒక్క డయోడ్ పెడితే ఒంటి తిత్తి: నొక్కినప్పుడే గాలి, లాగినప్పుడు ఖాళీ. అందుకే వణుకు. జంట తిత్తులుంటే మంటకి గాలి తెగదు. బ్రిడ్జ్ రెక్టిఫయర్ అంటే ఆ జంట తిత్తులే.

[దగ్గరగా: కేబీపీసీ3510 బ్రిడ్జ్]

నాలుగు కాళ్లలో ఒకటి అడ్డంగా తిరిగి ఉంది చూడండి, అదే ప్లస్. దానికి ఎదురు మూలది మైనస్. మిగతా రెండూ కాయిల్‌కి. లోపల రెండు వోల్టుల దాకా వేడిగా పోతాయి, కాబట్టి థర్మల్ పేస్ట్ రాసి ఇనప బాడీకి బోల్టు బిగించండి. వెలుగు వణక్కుండా ప్లస్, మైనస్‌ల మధ్య 4700 మైక్రోఫారడ్, 63 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. దాని మీద చార ఉన్న కాలు మైనస్‌కే. తిరగేస్తే పేలుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. చాలా కాయిల్స్‌లో ఒక కొస ఇంజన్ బాడీకే ఎర్త్ అయి ఉంటుంది. ఇంజన్ ఆపి, కాయిల్ తీగ విప్పి, తీగకీ బాడీకీ మధ్య మల్టీమీటర్‌ని బీప్ గుర్తు మీద పెట్టి చూడండి. బీప్ వచ్చిందా? అయితే బ్రిడ్జ్ మైనస్ బాడీకి తగలకూడదు. తగిలితే ఒక తిత్తికి చిల్లు పడ్డట్టే: సగం సైకిల్ ఒక్క డయోడ్ గుండా షార్ట్ అవుతుంది, కాయిల్, బ్రిడ్జ్ రెండూ కాలతాయి, వెలుగు సగమే. బైకుల అలవాటుతో "నల్ల తీగ బాడీకే కదా" అని బిగించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. బ్రిడ్జ్ నుంచి లైటు దాకా ప్లస్, మైనస్ రెండు తీగలూ విడిగా తీసుకెళ్లండి. లైటు నల్ల తీగకీ దాని ఫ్రేముకీ మధ్య కూడా బీప్ చూడండి. వస్తే బోల్టుకి నైలాన్ బుష్, రెండు వైపులా రబ్బరు వాషర్లు వేయాల్సిందే. ఈ ఒక్క పరీక్ష మాత్రం దయచేసి వదలకండి.

లైటు మీద 9–32 వోల్టులు అని ఉన్నదే కొనండి. 35 వాట్ల బల్బు తీసి 18 వాట్ల ఎల్ఈడీ పెడితే కాయిల్ మీద బరువు తగ్గి వోల్టేజీ ఎగబాకుతుంది. లైటు వెలుగుతుండగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చి కెపాసిటర్ దగ్గర కొలవండి. 28 వోల్టులు దాటితే, వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ కావాలి. బల్బుది 35 వాట్లయితే 48 వాట్లవి రెండు పెట్టి వెలగలేదనొద్దు, కాయిల్ దగ్గర అంత లేదు.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లది, ప్లస్‌లో 5 ఆంప్స్ ఫ్యూజ్, సైలెన్సర్‌కి దూరంగా. మెలిపెట్టిన అతుకులు టిల్లర్ అదురుకి ఊడిపోతాయి, లగ్గులు క్రింప్ చేయించండి. కెపాసిటర్ కాళ్లూ విరుగుతాయి, సిలికాన్‌తో అంటించేయండి. బురద నీళ్లు పడకుండా ప్లాస్టిక్ డబ్బా, తీగలు దాని అడుగు నుంచే బయటికి రావాలి.