కెమెరా ఎవరి వైపు తిప్పాలి?

(జాతీయ పౌర సంబంధాల దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న యువ మిత్రులకు నమస్కారం. ఏటా ఏప్రిల్ 21న జరుపుకొనే ఈ దినోత్సవానికి నన్ను పిలిచి, వ్యాపార సంస్థలూ సేవా సంస్థలూ నడిపిన ప్రచారాల్లో విజయం సాధించిన వాటి గురించి చెప్పమన్నారు. చెబుతాను. అయితే ముప్పై ఏళ్లుగా మనసులో దాచుకున్న ఒక ఫొటో సంగతి కూడా ఈ వేదిక మీదే చెప్పాలని వచ్చాను.

1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మందు గుళికల్లో సయనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. విషం కలిసింది కర్మాగారంలో కాదని తేలినా, తయారీదారు జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటి నుంచి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి రప్పించి, తన మందును వాడవద్దని తానే ప్రజలను హెచ్చరించింది. తరువాత మూడంచెల రక్షణ ఉన్న సీసాలతో బజారుకు తిరిగి వచ్చి, పోయిన అమ్మకాలను చాలావరకు రాబట్టుకుంది. ఆ కష్టకాలంలో కంపెనీ అధిపతి జేమ్స్ బర్క్ స్వయంగా టీవీ కెమెరాల ముందుకు వచ్చి జవాబు చెప్పారు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన కోళ్ల రైతుల సంగతి చూడండి. గుడ్డు ధరను దళారులు నిర్ణయిస్తూ, దాణా ఖర్చు కూడా రాని రేటుకు కొంటున్న రోజుల్లో, డాక్టర్ బి.వి. రావు ఊరూరా తిరిగి రైతులను కూడగట్టి, మనం 'నెక్' అని పిలుచుకునే జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని 1982లో నిలబెట్టారు. రైతులు తమ ధరను తామే ప్రకటించుకోవడం నేర్చుకున్నారు. 'సండే హో యా మండే, రోజ్ ఖావో అండే' అన్న పాట ఇంటింటికీ చేరిందంటే దాని వెనుక ఆ కూడిక ఉంది.

పల్స్ పోలియో దగ్గర కాస్త ఆగుతాను. 1995లో మొదలైన ఆ కార్యక్రమం అనగానే అందరికీ టీవీలో అమితాబ్ బచ్చన్ గుర్తుకొస్తారు. కానీ 2009లో కూడా మన దేశంలో 741 కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాది ప్రపంచంలో మరే దేశంలోనూ అన్ని లేవు. చుక్కలు వేయిస్తే పిల్లలకు రేపు సంతానం కలగదన్న పుకారు పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పాతుకుపోయిన చోట, మసీదుల మైకుల్లో ఇమాములు పిలుపునిచ్చారు, అదే వీధిలో పుట్టి పెరిగిన ఆడవాళ్లు వెళ్లి తలుపులు తట్టారు. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి మీద 'పీ' అనీ, ఎవరైనా మిగిలిపోతే 'ఎక్స్' అనీ సుద్దముక్కతో రాసి, ఎక్స్ ఉన్న ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లారు. 2011 జనవరి 13 నాటి హౌరా కేసే చివరిది. 2014 మార్చి 27న దేశం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. ఇంత పెద్ద పనికి సాక్ష్యంగా అడిగింది బిడ్డ చిటికెన వేలి మీద సిరా చుక్కను మాత్రమే.

ఇప్పుడు నా ఫొటో సంగతి. ఒక సంస్థలో పౌర సంబంధాల అధికారిగా కొత్తగా చేరిన రోజుల్లో నల్లగొండ వైపు ఉచిత కంటి శిబిరం పెట్టాం. శుక్లం తీయించుకున్న ఒక పెద్దమ్మను మరునాడు ఎండలో నిలబెట్టి, ముఖ్య అతిథి వచ్చేదాకా ఆపాను. నల్లద్దాలుంటే ముఖం తెలియదని ఫొటోగ్రాఫర్ అంటే, తీసెయ్యమని ఆమెతో నేనే అన్నాను. కన్ను నీరు కారుతుండగా ఆమె నన్ను అడిగింది: "అద్దాలు తీస్తెనే మందిస్తరా బిడ్డా?" నేను జవాబు చెప్పలేదు. ఆమె తీసింది. మరునాడు రెండు పత్రికల్లో ఆ బొమ్మ వచ్చింది, మా పైఅధికారి భుజం తట్టారు. మందుకూ ఫొటోకూ సంబంధం లేదని ఆమెకు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నేను ఇవ్వలేదు.

మిత్రులారా, మీ ఫోన్లలో ఇలాంటి బొమ్మలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి. దుప్పటి అందుకుంటూ కెమెరా వైపు చూడలేని ముఖాలు ఎన్ని?

2014లో, బకెట్ మంచునీళ్లు నెత్తిన పోసుకుని, విరాళమిచ్చి, మరొకరికి సవాలు విసిరే ఐస్ బకెట్ ఛాలెంజ్ వచ్చింది. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం అమెరికాలోని ఒక్క ఏఎల్ఎస్ అసోసియేషన్‌కే 11.5 కోట్ల డాలర్లు చేరాయి. అందులో చల్లని నీళ్లు నెత్తిన పోసుకున్నదీ, వణికిందీ, నలుగురిలో తడిసిందీ ఎక్కువగా దాతలే. మంచాన ఉన్న రోగిని లేపి నిలబెట్టి ఫొటో తీయవలసిన అవసరం రాలేదు. అదే ఏడాది మన హైదరాబాద్ పాత్రికేయురాలు ఒకరు నీళ్ల బదులు బకెట్ బియ్యం ఇవ్వమని పిలుపునిస్తే దేశమంతా అందుకుంది. ఆ ఆలోచన అంటే నాకెంతో గౌరవం. అయినా ఆ ఫొటోల్లో బియ్యం అందుకుంటున్న చేతులను చూసినప్పుడల్లా నాకు ఆ పెద్దమ్మే గుర్తుకొచ్చింది.

ఈ సభ చివర పన్నెండు మంది విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తున్నారు. వారిని వేదిక మీద వరుసగా నిలబెట్టి, పెద్ద చెక్కు పట్టించవద్దని నిర్వాహకులను ఉదయమే కోరాను, వారు ఒప్పుకున్నారు. డబ్బు నేరుగా ఖాతాల్లో పడుతుంది. ఆనాడు జేమ్స్ బర్క్ తానే కెమెరాల ముందుకు వచ్చినట్టు, ఈ రోజు ఫొటోలకు దాతలే నిలబడతారు. ఫొటోగ్రాఫర్ తమ్ముడు సిద్ధంగా ఉన్నాడు. దాతలు దయచేసి ముందు వరుసలోకి రావాలి.