"చూద్దాంలే" అన్న మాట అప్పీలు కాదు

అందరికీ నమస్కారం. మన మీద చర్య తీసుకుంటూ ఆర్డరు రాగానే క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆఫీసరుని తిట్టుకుంటాం, అందులో తప్పులేదు, కానీ ఆ తిట్టుకునే రోజుల్లోనే అప్పీలు గడువు కాస్తా కరిగిపోతుంది.

మన కేంద్ర ఉద్యోగుల్లో చాలామందికి వర్తించేవి 1965 నాటి సీసీఎస్ సీసీఏ రూల్స్, అంటే క్రమశిక్షణ చర్యలు, శిక్షలు, అప్పీళ్ల రూల్స్. ఇంక్రిమెంట్ ఆపినా, సస్పెండ్ చేసినా, ఆర్డరు కాపీ చేతికందిన రోజు నుంచి 45 రోజుల్లో అప్పీలు వేయాలి. రాష్ట్ర ఉద్యోగుల రూల్స్ వేరు, పక్కింటాయన చెప్పిన లెక్క పట్టుకోకండి.

నాకూ ఒకసారి ఇంక్రిమెంట్ ఆపారు. పెద్దసారుని కలిస్తే "చూద్దాంలే" అన్నారు. ఆ మాట నమ్ముకుని రెండు నెలలు కూర్చున్నాను! తగిన కారణముంటే ఆలస్యాన్ని మన్నించవచ్చని రూల్లో ఉంది, కానీ "సారు చూద్దామన్నారండీ" అని కాగితం మీద ఎలా రాస్తాం?

అప్పీలు ఎవరిది వాళ్లే, సొంత పేరుతో వేయాలి. పదిమంది సంతకాలతో ఇచ్చే కాగితం యూనియన్‌కి పనికొస్తుందేమోగానీ అప్పీలు కాదు. పై అధికారికి ఇచ్చి, శిక్ష వేసిన అధికారికి ఒక కాపీ ఇవ్వండి, ఇచ్చినట్టు అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. కోపం రాతలోకి రానివ్వకండి, అమర్యాదకరమైన భాష ఉండకూడదని రూలే చెబుతోంది. పై అధికారి చూసేవి విచారణ పద్ధతిగా జరిగిందా, సాక్ష్యం ఉందా, శిక్ష తగినదేనా అన్నవే, కాబట్టి ఇంటి కష్టాలకంటే ముందు వాటి మీద రాయండి. ఇంకోటి, అప్పీల్లో శిక్ష పెంచే అధికారం కూడా వాళ్లకుంది, ముందు మీకు నోటీసిచ్చి మీ వాదన వినాలనుకోండి.

సీనియారిటీ, పే ఫిక్సేషన్ (జీతం ఖరారు) లాంటి వాటికి మామూలుగా రిప్రజెంటేషనే, అంటే రాతపూర్వక విన్నపమే దారి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం కింద క్యాట్‌కి, అంటే కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు, హైదరాబాద్‌లో బెంచ్ ఉంది. ఆ ఆరు నెలలు దాటాక ఏడాదే గడువు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: రిమైండరు మీద రిమైండరు పంపుతూ గడువు ఆగిందనుకుంటారు. ఆగదు, 1989లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది.

ఎవరి దగ్గరైనా ఆర్డరుంటే బయటికి తీయండి, ముందు దాని మీద తేదీ చూద్దాం.