గండికోట లోయకి లోతు తెచ్చే స్టీరియో ఫోటో

నమస్కారమండీ. స్టీరియో ఫోటో అంటే ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటిగా తీసిన రెండు ఫోటోల జత. గండికోట అంచున నిలబడి పెన్నా లోయని చూస్తే గుండె ఝల్లుమంటుంది. అదే మామూలు త్రీడీ కెమెరాతో తీసి ఇంటికొచ్చి చూస్తే, అవతలి గట్టు పోస్టర్ అంటించినట్టు చదునుగా ఉంటుంది. మన రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లే కదా, వంద మీటర్ల అవతలి బండ రెండింటికీ దాదాపు ఒకేలా కనబడుతుంది. అందుకే కళ్లని దూరం జరుపుదాం.

ఒక్క ఫోన్ చాలు. ఎడమవైపు నిలబడి ఒకటి తీయండి, కుడివైపు జరిగి ఇంకొకటి. ఎంత జరగాలంటే, ఫ్రేములో అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాని దూరాన్ని 30తో భాగించండి. 90 మీటర్లయితే 3 మీటర్లు. జూమ్ 2 రెట్లు చేస్తే అందులో సగమే.

దగ్గరగా ఉన్నదాని దూరం అన్నాను, గమనించండి. ఈ ఫోటోలో కింద మూలన చూడండి, ఒక్క ముళ్ల కొమ్మ. నా కాళ్లకి మూడడుగుల దూరంలో ఉంది, నేను చూసుకోలేదు. ఒక్కో కంటికి ఒక్కో ఫోటో చూపించే వ్యూయర్‌లో పెట్టగానే కన్ను లోయని వదిలేసి దాని మీదికే పోతుంది. అది రెండుగా చీలి, కళ్లు లాగేస్తాయి.

ఆకాశం అంచున ఒక చెట్టుని గుర్తు పెట్టుకోండి. రెండు ఫోటోల్లోనూ అది ఫ్రేము మధ్యలోనే ఉండాలి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. మబ్బులు కదిలేలోపు, గబగబా తీసేయాలి. కానీ ఫోన్ చూస్తూ మాత్రం నడవకండి, అంచు పక్కనే ఉంటుంది. నిలబడే రెండు చోట్లా ముందే రాళ్లు పెట్టుకోండి.

ఇప్పుడు ఈ రెండు జతలు చూడండి. మొదటిది 3 మీటర్లు జరిగి తీసింది. మన కళ్ల ఎడం కంటే ఇది 46 రెట్లు, కాబట్టి 90 మీటర్ల దూరంలోని అవతలి గట్టు రెండు మీటర్లలోనే ఉన్నట్టుంటుంది. లోతు బ్రహ్మాండం, లోయ మాత్రం బొమ్మల కొలువంత అయిపోయింది. చాలామందికి ఇదే నచ్చుతుంది. నాకు నచ్చదు. అంత పెద్ద లోయ చిన్నబోతే మనసొప్పదు.

రెండోది మీటరున్నర. బండల పొరలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా తెలుస్తున్నాయి, కింద నీళ్లు నిజంగా కిందే ఉన్నాయి. నేను ఇక్కడే ఆగుతాను.

మీరు తీసిన రెండు ఫోటోలనీ స్టీరియో ఫోటో మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఎడమది ఎడమవైపే పెట్టి అలైన్ చేయండి, అంటే రెండూ ఒకదానికొకటి సరిపోయేలా సర్దండి. ఫైళ్లు తారుమారైతే లోయ కొండలా ఉబికి వస్తుంది.