అది సొర కాదు, టేకు జాతి!

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డున ఈ చేప పడినప్పుడల్లా వినపడేది ఒకటే మాట: "సొర పడిందిరోయ్!" బరంపురంలో కొనేవాళ్ళదీ అదే మాట. ఇది సొర కాదండీ. గిటార్ చేప. టేకు జాతిది, అంటే ఇంగ్లీషులో 'రే' అనే బల్లపరుపు చేపల జాతి. ఇవాళ ఈ సంగతి తేల్చేద్దాం.

వెనక నుంచి చూస్తే ఎవరైనా పొరబడతారు. వీపు మీద నిటారుగా రెండు రెక్కలు, బలమైన తోక, ఆ తోక ఊపుకుంటూ ఈత. ముందుకొస్తే కథ మారిపోతుంది. బల్లపరుపుగా, పక్కలకి వెడల్పుగా, అచ్చం చేట! చేటకి సొర తోక తగిలిస్తే అదే గిటార్ చేప.

ఇప్పుడా చేటని వెల్లకిలా తిప్పండి. తెల్లటి పొట్ట, అడ్డంగా నోరు, ఆ వెనక అటు ఐదు ఇటు ఐదు మొప్ప చీలికలు. సొరకైతే ఇవి మెడ పక్కన ఉంటాయి. టేకులకి అడుగునే. ఎందుకంటే చేట అంచులున్నాయి చూశారూ, అవి ఛాతీ రెక్కలు. తలకి అతుక్కుపోయి ఉంటాయి, మొప్పలు వాటి కిందకి వెళ్ళిపోతాయి. తోక ఎంత సొరలా ఉన్నా ఈ ఒక్క గుర్తు చాలు.

మరి చేట ఇసుకలో బోర్లా పడుకుంటే ఊపిరెలా? కళ్ళ వెనకే రెండు రంధ్రాలుంటాయి. నీళ్ళు అక్కడ లోపలికెళ్ళి అడుగు నుంచి బయటికొస్తాయి. ఎంత ముచ్చటైన ఏర్పాటో! నోట్లో కోరపళ్ళుండవు, వరసలుగా మొద్దు పళ్ళే. పీతల్నీ, రొయ్యల్నీ వాటితోనే నలిపేస్తుంది. గుడ్లు పెట్టదు. పిల్లలు తల్లి కడుపులో గుడ్డు సొన మీద పెరిగి, పూర్తి రూపంతో పుడతాయి.

బంగాళాఖాతంలో ఉన్న రకాల్లో ఒకటి గ్లాకోస్టెగస్ గ్రాన్యులేటస్. 1829లో క్యూవియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వర్ణించాడు. చాలాకాలం రైనోబాటోస్ ప్రజాతిలో ఉంచారు. 2016లో గ్లాకోస్టెగిడే అని వేరే కుటుంబమే కట్టారు. డీఎన్‌ఏ చూస్తే వీటి దగ్గరి చుట్టాల్లో ఒకటి రంపపు చేప. దాన్నీ సొరే అంటాం! తిప్పి చూడండి, మొప్పలు అడుగునే.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. 2019లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఈ జాతిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్నవాటిలో చేర్చింది. అదే ఏడాది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోకీ ఎక్కింది. కారణం, రెక్కలకి విదేశాల్లో పలికే ధర, అడుగు ఊడ్చేసే ట్రాల్ వలలు. వీటి పిల్లలు ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్ళలోనే తిరుగుతాయి కాబట్టి చిన్న వలలకీ చిక్కుతాయి. రుషికుల్య నది దగ్గర గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళంటే గంజాం జిల్లా అంతా కదులుతుంది, కదలాలి కూడా. ఈ గిటార్ చేపల గురించి అడిగేవాళ్ళే కనపడరు, నా బాధ అదే. వలలో బతికున్నది దొరికితే, ముఖ్యంగా కడుపుతో ఉన్న ఆడది, రెక్కలకి ఎంత ఇస్తామన్నా సరే, వెంటనే నీళ్ళలోకి వదిలెయ్యండి.