మోటారు గొడవ

చిన్నోడు: వింటున్న అందరికీ నమస్తే. వదిన, నేను ఇద్దరం వచ్చేశాం. పొద్దున ఆరున్నర అయింది, ఐదింటికి నల్లా వచ్చిపోయింది, వదిన చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. పోయినసారి మాటిచ్చినట్టే ఈ వారం ఇరవై గజాల ఇంట్లో మరుగుదొడ్డి ఎక్కడ కట్టుకోవాలి, ఎట్లా కట్టుకోవాలి అన్నది మాట్లాడుకుందాం.

వదిన: ముందు గరిటె సంగతి.

చిన్నోడు: వదినా, ఇప్పుడే కదా మొదలుపెట్టాం.

వదిన: పోయినవారం విని ముగ్గురు ఫోన్ చేశారు, కొన్నామని. ఇంకా కొననివాళ్ల కోసం చెబుతున్నా. తాగే నీళ్ల బిందెలో చెయ్యి ముంచొద్దు, గ్లాసు ముంచొద్దు. పొడుగు కాడ గరిటె ఒకటి తెచ్చి గోడకు తగిలించండి. పిల్లలకు అందే ఎత్తులో. సరే, నువ్వు చెప్పు.

చిన్నోడు: 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద మురికివాడల్లో ఉన్న కుటుంబాలు కోటీ 37 లక్షలు. వాటిలో ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉన్నవి 66 శాతం. 19 శాతం దాకా ఆరుబయటికే పోయేవాళ్లు. తర్వాత 2014లో స్వచ్ఛ భారత్ వచ్చింది. పట్టణాల్లో ఒక్కో మరుగుదొడ్డికి కేంద్రం వాటా 4,000 రూపాయలు. చాలామంది కట్టుకున్నారు, మన గల్లీలోనే...

వదిన: కట్టుకున్నారు. మరి నీళ్లు? మన చివరింటివాళ్లు కట్టుకున్నారు కదా, పోయి చూడు. అందులో నీళ్ల డ్రమ్ము పెట్టారు. ఇంట్లో డ్రమ్ము పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆమె పక్కకు తిరిగి లోపలికి పోవాలి, అదీ ఆరో నెల కడుపుతో.

చిన్నోడు: వాళ్లకు అంత పెద్ద డ్రమ్ము ఎందుకు కావాల్సి వచ్చింది? ధార సన్నగా వస్తుంది కాబట్టి. ఎందుకు సన్నగా వస్తుంది? ముందు ఇళ్లవాళ్లు నల్లాకే మోటారు బిగించి లాగేస్తున్నారు కాబట్టి.

వదిన: మొదలైంది.

చిన్నోడు: మొదలవుతుంది మరి. మోటారు పెట్టిన ప్రతి ఇంటికీ కనెక్షన్ తీసెయ్యాలి. జరిమానాలతో మారరు. వినేవాళ్లలో కూడా మోటారు పెట్టినోళ్లు ఉంటారు, వాళ్లకే చెబుతున్నా. మనకు నల్లా రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు వస్తుంది. మిగతా నలభై ఏడు గంటలు ఆ పైపులో నీళ్ల ఒత్తిడి ఉండదు. పైపేమో మోరీ పక్క నుంచి, కొన్నిచోట్ల మోరీలోంచే పోతుంది. ఎక్కడో అతుకు దగ్గర చిల్లు ఉంటుంది. నీళ్లు జోరుగా పారేటప్పుడు ఆ చిల్లులోంచి మంచినీళ్లే బయటికి చిమ్ముతాయి. పైపు ఖాళీ అయితే మోరీ నీళ్లు లోపలికి దిగుతాయి. ఇక మోటారు వేశామా, బోండాంలో గొట్టం పెట్టి పీల్చినట్టు ఆ మురికిని లాగుతుంది. నీళ్లు శుద్ధి చేసే దగ్గర బాగానే ఉంటాయి వదినా. మన గల్లీలోకి వచ్చాకే చెడిపోతున్నాయి.

వదిన: ఇదంతా నాకు తెలుసు. మోటారు పెట్టినోళ్లు దొంగలన్నట్టు మాట్లాడకు, అంతే.

చిన్నోడు: పక్కింటి వంతు నీళ్లు లాగేస్తే ఏమంటారు?

వదిన: ఒత్తిడి లేకే కదా పెట్టుకుంటున్నారు. నువ్వు మొదటి ఇళ్ల గురించి అంటున్నావు. ఎత్తు మీద ఉన్న ఇళ్ల సంగతేంటి? మోటారు లేకపోతే వాళ్లకు బిందె కూడా నిండదు.

చిన్నోడు: అందుకని అందరి నీళ్లూ చెడగొడతామా? 2009 మే నెలలో మన హైదరాబాద్ భోలక్‌పూర్‌లో ఏమైందో మర్చిపోయావా? నల్లా నీళ్లు తాగి పదిమందికి పైగా పోయారు. వందల మంది ఆసుపత్రుల్లో. అప్పుడు నేను ఇంటర్. ఆ ఎండాకాలమే మన ఇంట్లో అమ్మకు కామెర్లు. నెలన్నర మంచం దిగలేదు.

వదిన: ...

చిన్నోడు: వదినా?

వదిన: మర్చిపోలేదు. అప్పుడు మన ఇంట్లోనూ నల్లాకు మోటారు ఉండేది కదా, అది నేనే పెట్టించా.

చిన్నోడు: అన్న కదా పెట్టించింది.

వదిన: మీ అన్నతో పెట్టించింది నేను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, బిందె ఎత్తలేదు. నేనేమో నాలుగింటికి పనికి పోవాలి. నల్లా దగ్గర ఎవరు కూర్చుంటారు? మోటారు వేస్తే ఇరవై నిమిషాల్లో డ్రమ్ము నిండేది. వాసన వచ్చేది అప్పుడప్పుడు. గుడ్డలో వడగట్టి తాగాం. గుడ్డకు ఏమాగుతుంది, చెత్త ఆగుతుంది. దానివల్లే అత్తమ్మకు వచ్చిందో, బయటెక్కడైనా తాగిన నీళ్లవల్ల వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేదు. కానీ ఆమె లేచి నడిచేదాకా నాకు నిద్ర లేదు. మోటారు నేనే ఊడదీసి అమ్మేశా.

చిన్నోడు: ఇన్నేళ్లూ నాకు చెప్పలేదు.

వదిన: ఎట్లా చెబుతా? నువ్వు మోటార్ల మీద ఊగిపోతుంటావు.

చిన్నోడు: నేను... సరే. కానీ వదినా, కనెక్షన్ తీసెయ్యాలన్న మాట వెనక్కి తీసుకోను.

వదిన: తీసుకోవద్దు. తీసేసిన రోజు ఆ ఇంటి మనిషి బిందె పట్టుకుని ఎవరి గుమ్మంలో నిలబడుతుందో అది కూడా చెప్పు. చూడు, 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో నెలకు 20,000 లీటర్లు ఉచితం అన్నారు. మంచిదే, బిల్లు భారం తగ్గింది. ఐదుగురున్న ఇంటికి లెక్కేస్తే మనిషికి రోజుకు 133 లీటర్లు. చివరింటి వాళ్లకు నిజంగా పట్టుకోవడానికి దొరికేది ఎంత? రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒకటి, పదిహేను లీటర్ల బిందెలు పది. అవి రెండు రోజులకు, ఐదుగురికి. మనిషికి 35 లీటర్లు. అందులోనే వంట, స్నానం, బట్టలు, దొడ్డి.

చిన్నోడు: ఒడిశాలో, పూరీ ఊళ్లో చేశారు కదా. 2021 జులైలో. రోజంతా నల్లా, తిప్పి అట్లాగే తాగొచ్చు, బస్తీలతో సహా. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే మోటారు ఎవడు కొంటాడు?

వదిన: ఇప్పుడు దారికొచ్చావు. పూరీలో ముందు మోటార్లు పీకి తర్వాత నీళ్లిచ్చారా?

చిన్నోడు: పైపులు మార్చారు, లీకులు పట్టుకున్నారు, మీటర్లు పెట్టారు. కానీ అది మన గల్లీకి వచ్చేదాకా ఏం చెయ్యాలి?

వదిన: మొదటి నీళ్లు తాగొద్దు. నల్లా రాగానే పట్టిన మొదటి రెండు బిందెలు బట్టలకు, దొడ్డికి పెట్టుకోండి. పైపులో నిలిచిన మురికంతా ముందు వాటితోనే వస్తుంది. కర్ణాటకలో హుబ్బళ్లి నల్లా నీళ్లు పరీక్ష చేసినవాళ్లు కూడా ఇదే చూశారు. తాగేవి చివర్లో పట్టండి. కాచండి, తెర్లేదాకా. మూత పెట్టండి. గరిటె.

చిన్నోడు: గరిటె, అవును. మూడు గ్లాసులు తెచ్చా చూడు. ఒకటి ఇవాళ మన నల్లాలో మొదటి బిందె. రెండోది పావుగంట తర్వాతది. మూడోది చివరింటిది, గంట కింద వాళ్ల పిల్ల సీసాలో పట్టి తెచ్చిచ్చింది. ఈ చిన్న సీసాలోది ఆర్థోటోలిడిన్. నీళ్లలో క్లోరిన్ మిగిలుంటే పసుపు రంగు వస్తుంది. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఈ మందు వేసిన నీళ్లు ఎవరూ తాగొద్దు, పారబోయాలి.

వదిన: ఈ గొడవలో నీ మరుగుదొడ్డి సంగతి పోయింది.

చిన్నోడు: ఒక్క మాట చెప్పేస్తా. దొడ్డి కట్టుకునేవాళ్లు నున్నగా, ఏటవాలు ఎక్కువున్న పాన్ అడిగి కొనండి. ఒకటిన్నర, రెండు లీటర్లు గుమ్మరిస్తే పోతుంది. మామూలు పాన్‌కు ఒక్కోసారి సగం బిందె పడుతుంది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడ తవ్వాలి, మన గల్లీలోకి బండి రాకపోతే ఎట్లా అన్నది వచ్చేసారి.

వదిన: చుక్కలు వెయ్యి.

చిన్నోడు: మొదటి గ్లాసు... రంగు లేదు. రెండోది, చూడు, నిమ్మపండు రంగు. లేతగానే ఉంది కానీ ఉంది.

వదిన: మూడోది?

చిన్నోడు: వేశా. ఆగు.

వదిన: వెలుతురులో పట్టు.

చిన్నోడు: తెల్లగానే ఉంది.

వదిన: ఇంకో చుక్క వెయ్యి.

చిన్నోడు: వేశా. రాలేదు వదినా.

వదిన: ఆమెకు ఫోన్ చెయ్యి. కాచకుండా తాగొద్దని చెప్పు.

చిన్నోడు: మోగుతోంది... ఎత్తట్లేదు.

వదిన: పద, ఆ మైకు ఆపు. పోయి చెప్పొద్దాం.