17వ స్థానంలో ఉన్నప్పటి మనసు, మొదటి స్థానంలో ఉన్నప్పుడు ఎక్కడికి పోతుంది?

నమస్తే. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో ఆటో హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే ఈ మోత.

ఈ రోజు మాట్లాడేది మంచు మీద ఆడే ఆట గురించి. మన దగ్గర ఐస్ అంటే చేపల మార్కెట్లో కొట్టి వేసే గడ్డే కదా. అయినా ఈ కథ మనకు బాగానే అర్థమవుతుంది, చూడండి.

2022 ఫిబ్రవరి. మేడారం జాతరకు ఇంకో వారం ఉంది. మా అమ్మ బంగారం కొనే హడావుడిలో ఉంది. బయటి జిల్లాల వాళ్లకు చెబుతున్నాను, మేడారంలో బంగారం అంటే బెల్లం. మొక్కు ఉన్నవాళ్లు మనిషి బరువుకు సరితూగేంత బెల్లం సమ్మక్క సారలమ్మలకు ఇచ్చుకుంటారు. నేనేమో ఆ పొద్దున ఇంకో రకం బంగారం కోసం ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. బీజింగ్ వింటర్ ఒలింపిక్స్, మగవాళ్ల ఫిగర్ స్కేటింగ్. అమ్మ వెనక నుంచి తొంగి చూసి, "గట్ల ఎగిరి కిందవడితే నడుము ఇరుగదారా?" అంది.

ఇరుగుతుందమ్మా. కొందరికి నిజంగానే విరిగింది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక రోజు షార్ట్ ప్రోగ్రామ్, 2 నిమిషాల 40 సెకన్లు. ఇంకో రోజు ఫ్రీ స్కేట్, 4 నిమిషాలు. రెండింటి మార్కులూ కలుపుతారు. ఇందులో ఇప్పుడు అందరూ చూసేది క్వాడ్. గాల్లోకి లేచి నాలుగు చుట్లు తిరిగి, ఒంటికాలి మీద, అదీ వెనక్కి జారుతూ, సన్నటి బ్లేడు మీద దిగాలి. గాల్లో ఉండేది సుమారు 0.7 సెకను. మనం "అయ్యో" అనేలోపు అయిపోతుంది.

ఆ రోజు నేను ఎదురుచూస్తున్నది అమెరికా కుర్రాడు నేథన్ చెన్ కోసం. ఎందుకంటే నాలుగేళ్ల ముందు అతనికి జరిగింది నాకు గుర్తుంది.

2018, దక్షిణ కొరియా ఒలింపిక్స్. చెన్ వయసు 18. ఆ సీజన్‌లో ఒక్క వ్యక్తిగత పోటీ కూడా ఓడిపోకుండా వచ్చాడు. అక్కడ షార్ట్ ప్రోగ్రామ్‌లో ఉండే జంప్‌లు మూడే. మూడూ చెడిపోయాయి. మొదటి దానికే కింద పడ్డాడు. స్కోరు 82.27, స్థానం 17. పతకం కథ అక్కడితో ముగిసింది.

మర్నాడు ఫ్రీ స్కేట్. అదే మనిషి, అవే కాళ్లు, అదే మంచు. ఆరు క్వాడ్‌లు వేశాడు. ఐదు శుభ్రంగా దిగాడు, ఒకదానికి చెయ్యి మంచుకు ఆనింది. 215.08, ఆ రోజు అందరికన్నా ఎక్కువ. 17 నుంచి ఒక్కసారిగా ఐదో స్థానానికి వచ్చాడు. ఇంకో నెల తిరిగేసరికి మిలాన్‌లో ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాడు.

ఒక్క రాత్రిలో కాళ్లకు కొత్త బలం రాదు కదా. పోయింది భయం. 17వ స్థానంలో ఉన్నవాడికి కాపాడుకోవడానికి ఏమీ లేదు. ఇది చెన్ ఒక్కడి విషయం కూడా కాదు. 2014లో సోచీ ఒలింపిక్స్‌లో జపాన్ అమ్మాయి మావో అసాడా షార్ట్‌లో 16వ స్థానానికి పడిపోయింది. మర్నాడు తన జీవితంలోనే అత్యధిక ఫ్రీ స్కేట్ స్కోరు చేసి ఆరో స్థానంలో నిలిచింది.

నాకు అసలు ఆసక్తి ఇక్కడ మొదలవుతుంది. అంతా పోయాక ధైర్యం రావడం మామూలే. ఇంటర్ ఫెయిలైనవాడు సప్లిమెంటరీ హాల్లోకి ఎంత తాపీగా నడుస్తాడో చూడండి. అదే మనసును, అందరికన్నా ముందున్నప్పుడు, ప్రపంచమంతా చూస్తున్నప్పుడు తెచ్చుకోగలమా? నా లెక్కలో చాంపియన్ చేసే మానసిక తయారీ అంతా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే.

నా సంగతి ఒకటి చెప్పాలి. డిగ్రీలో ఉన్నప్పుడు 800 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. ఒక పోటీలో హీట్స్‌లో మొదట వచ్చాను. ఫైనల్లో కూడా చివరి వంద మీటర్ల దాకా నేనే ముందు. అక్కడ ఏం బుద్ధి పుట్టిందో, వెనక్కి తిరిగి చూశాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. నాలుగో స్థానం వచ్చింది. మా పీఈటీ సారు తిట్టలేదు. "ముందున్నోడివి, ఎనక ఏం చూస్తున్నవ్‌రా?" అన్నాడు, అంతే. ఆ మాటకు జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. చెన్ కూడా తర్వాత చాలాసార్లు ఇలాంటిదే చెప్పుకున్నాడు. కొరియాలో ఆలోచన అంతా పతకం మీదే ఉండిందని, ఆ ఒలింపిక్స్‌ను తాను ఆనందించలేకపోయానని.

వెనక్కి చూస్తే కాళ్లు ఎందుకు చెడిపోతాయి? మెదడు గురించి పెద్ద మాటలు వద్దు. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే అమ్మలను చూసే ఉంటారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. నోరు పక్కింటి పెళ్లి ముచ్చట చెబుతుంటుంది, కళ్లు టీవీ మీద ఉంటాయి, వేళ్లు మాత్రం ఆగకుండా చుట్టి దారం కట్టేస్తుంటాయి. ఆమెను ఆపి, "అమ్మా, బొటనవేలు మొదట ఎటు తిప్పుతావు? మెల్లగా చేసి చూపించు" అని అడగండి. చెయ్యి తడబడుతుంది. ఏళ్ల తరబడి చేతికి ఒదిగిన పనిని మనసు వచ్చి పర్యవేక్షించడం మొదలుపెడితే జరిగేది ఇదే. క్వాడ్ కూడా అంతే. 0.7 సెకనులో భుజం ఎక్కడుంది, మడమ ఎక్కడుంది అని ఆలోచించే టైమ్ ఉండదు. "పడొద్దు, పడొద్దు" అనుకుంటూ ఎగిరినవాడు తన శరీరానికి తానే సూపర్‌వైజర్ అయిపోతాడు.

అందుకే స్కేటర్లు మనసుకు వేరే పని పెడతారు. పోటీకి ముందు స్టేడియం కారిడార్లో కనిపించే దృశ్యం తమాషాగా ఉంటుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లు మూసుకొని, బూట్లతో నేల మీద అటూ ఇటూ తిరుగుతూ, చేతులు తిప్పుతూ, ఉన్నట్టుండి గిర్రున తిరుగుతారు. మన బస్టాండ్లో అలా చేస్తే పూనకం వచ్చిందనుకొని చుట్టూ జనం చేరతారు. వాళ్లు చేస్తున్నది ప్రోగ్రామ్ మొత్తాన్ని మంచు లేకుండా ఆడడం.

అందులో మంచి జరగడమే ఊహించుకుంటారని చాలామంది అనుకుంటారు. అది సగమే. చెడిపోతే ఏం చేయాలో కూడా ముందే ఆడి పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ ఆటలో నిబంధనల లెక్క ఉంది. ఒకే జంప్‌ను ఇష్టమొచ్చినన్ని సార్లు వేస్తే మార్కులు రావు. నాలుగు చుట్లు తిరగాల్సినచోట మూడే తిరిగితే, తర్వాత వేయాల్సిన మూడు చుట్ల జంప్ ఇప్పుడు లెక్కకు మించిపోవచ్చు. రెండు జంప్‌లు జతగా వేయాల్సినచోట రెండోది కుదరకపోతే, దాన్ని ఇంకోచోట అతికించాలి. పాట ఆగదు, గుండె దడదడలాడుతుంటుంది, మనసులో ఈ కూడికలు తీసివేతలు. ఆ క్షణంలో కొత్తగా ఆలోచించలేరు. ప్రాక్టీస్‌లో ముందే తయారుచేసుకున్న రెండో దారి, మూడో దారి ఉంటే దాన్ని పట్టుకుంటారు. ధైర్యం అంటే ఛాతీ విరుచుకోవడం అనుకుంటాం గానీ, చాలావరకు అది ఈ చిల్లర లెక్కే.

చెన్ ఆ నాలుగేళ్లు ఏం చేశాడు? యేల్ యూనివర్సిటీలో చేరి స్టాటిస్టిక్స్ చదివాడు. కోచ్ దేశం ఆ చివర కాలిఫోర్నియాలో, ఇతను ఈ చివర హాస్టల్లో. ఒలింపిక్ బంగారం కావాల్సినవాడు చదువుకు పోవడమేంటని అప్పట్లో చాలామందికి అనుమానం. నాకు కూడా. కానీ స్కేటింగ్ ఒక్కటే తన బతుకు కానప్పుడు, ఒక జంప్ పోతే బతుకే పోయినట్టు అనిపించదు. బీజింగ్‌కు ముందు అమెరికా నౌకాదళ కమాండోలతో పనిచేసిన ఒక సైకాలజిస్ట్ సాయం కూడా తీసుకున్నాడు. బీజింగ్‌కు గిటార్ మోసుకెళ్లాడు. 2021 అక్టోబర్లో, అంటే ఒలింపిక్స్‌కు నాలుగు నెలలు కూడా లేనప్పుడు, మూడేళ్లకు పైగా నడిచిన అతని గెలుపుల వరుస తెగిపోయింది, సొంత దేశంలోనే మూడో స్థానం. నన్నడిగితే ఆ ఓటమి మంచి టైమ్‌కే వచ్చింది.

ఇక మన ఇళ్లలో దొరికే సలహా ఒకటుంది, "టెన్షన్ పడకు" అని. దీనికంటే పనికిరాని మాట లేదు. గుండె వేగాన్ని ఆర్డర్ వేసి తగ్గించలేం. 2014లో హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో, "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకొని పాడినవాళ్లు, "నాకు భయంగా ఉంది" అనుకొని పాడినవాళ్లకంటే మెరుగ్గా పాడారు. గుండె దడ అదే, దానికి పెట్టిన పేరు వేరు.

మా అక్క కూతురు ఎంసెట్‌కు చదువుతోంది. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు, మా ఇంట్లో మాత్రం ఇంకా ఎంసెట్టే. 160 ప్రశ్నలు, 3 గంటలు. మొదటి పది ప్రశ్నల్లో రెండు రాకపోతే చాలు, మిగతా పేపరంతా ఆగమాగం. ఈ స్కేటర్ల పద్ధతి చూశాక ఆమెకు ఒక పేపర్ తయారుచేసి ఇచ్చాను. మొదటి పది ప్రశ్నలూ రానివే పెట్టాను. పక్క గదిలో టీవీ పెట్టాను. "మామా, నువ్వు నా పక్కనా, పరీక్ష పక్కనా?" అని అలిగి ఒకపూట అన్నం తినలేదు. మా అక్క కూడా నాతో మాట్లాడలేదు. మూడో పేపర్‌కు వచ్చేసరికి ఆ పదింటినీ వదిలేసి పదకొండుకు పోవడం అలవాటైంది. మార్కులు పెద్దగా పెరగలేదు. మధ్యలో కళ్లు మూసుకొని కూర్చోవడం మాత్రం పోయింది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రతి ఓటమికీ మనసు బలహీనతే కారణమని ఫోన్ ముందు కూర్చొని తీర్పు చెప్పడం అన్యాయం. మన నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్‌నే చూడండి. 2022, 2023లో ప్రపంచ చాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్, అంటే పెద్దవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ముందే ఇచ్చే స్థానం, లేకపోవడంతో రెండో బౌట్‌లోనే చైనా టాప్ సీడ్ వు యూ ఎదురొచ్చింది. ఓడిపోయింది. ఆ వు యూనే చివరికి బంగారం గెలిచింది. "ప్రెషర్ తట్టుకోలేదు" అని మనవాళ్లు ఎంత సులువుగా రాసేశారో! ఎవరికి ఎవరు ఎదురుపడాలో తేల్చే డ్రా అనేది కూడా ఒకటుంటుంది. స్కేటింగ్‌లో జపాన్ దిగ్గజం యుజురు హన్యు, 2014లో, 2018లో బంగారం గెలిచినవాడు, బీజింగ్ షార్ట్‌లో మొదటి జంప్‌కు లేస్తుంటే బ్లేడు మంచులో ఉన్న గుంతలో పడింది. నాలుగు చుట్లు ఒకటైంది. అతని తయారీలో తప్పేముంది?

సరే, ఆ పొద్దుటికి వద్దాం. రెండు రోజుల ముందు షార్ట్‌లో చెన్ 113.97 చేసి ప్రపంచ రికార్డు కొట్టాడు. ఎప్పుడూ ముభావంగా ఉండేవాడు, అయిపోగానే పిడికిలి బిగించి గాల్లోకి ఊపాడు. అంటే ఇప్పుడు మొదటి స్థానం. ఫ్రీ స్కేట్‌లో అందరికన్నా చివర మంచు మీదికి రావాలి. ఆఖరి గ్రూప్ వాళ్లకు కలిపి ఆరు నిమిషాల వార్మప్ ఇస్తారు, ఆ తర్వాత చివరివాడు మిగతా అందరూ ఆడేదాకా అరగంటకు పైనే ఆగాలి. నన్నడిగితే నాలుగు నిమిషాల ఆటకంటే ఇది కష్టం. పరీక్ష సెంటర్ గేటు ముందు నిలబడినవాళ్లకు తెలుసు. బయట జనం అరుపులు వినిపిస్తుంటాయి, ఎవరు ఎంత కొట్టారో ఊహించుకోవడమే. వెనక్కి తిరిగి చూడాలనిపించేది సరిగ్గా అప్పుడే.

చెన్ వచ్చాడు. మొదటి క్వాడ్ దిగాడు. రెండోది దిగాడు. నేను ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాను, ఐదు క్వాడ్‌లు. అమ్మ బెల్లం ముద్దలు పక్కన పెట్టి నా భుజం మీదుగా చూస్తోంది. జంప్‌లు అయిపోవచ్చాయి, పాట ఊపందుకుంది, అతను డాన్స్ స్టెప్పులు మొదలుపెట్టాడు. స్కోరు ఇంకా రాలేదు. మొత్తం 332.60 అని, బంగారం అతనిదే అని అప్పటికి ఎవరికీ తెలియదు.

"గా పిలగాడు నవ్వుతుండు సూడు" అని, అమ్మ మళ్లీ బెల్లం దగ్గరికి పోయింది.